చుట్టరికం లేకపోయినా ఒకే కులంలో పెళ్లి అంటే జన్యుపరంగా బంధువుల పెళ్లేనా?

నల్లకుంట అమ్మాయి

అందరికీ నమస్తే. మా ఇంట్లో నాకు సంబంధాలు చూస్తున్నారు, ఒకటి దాదాపు ఖాయమయ్యేలా ఉంది. అబ్బాయిది మా కులమే, వాళ్లది ఖమ్మం వైపు. గోత్రాలు వేరు, ఇంటిపేర్లు వేరు, ఎంత వెనక్కి వెళ్లినా రెండు కుటుంబాలకీ ఎక్కడా చుట్టరికం కలవలేదని నాన్న పెద్దవాళ్లందరినీ అడిగి మరీ తేల్చారు. మేనరికం కాదు కాబట్టి పిల్లల విషయంలో భయపడాల్సిందేమీ లేదని నేనూ అనుకున్నాను. కానీ మా ఆఫీసులో ఒకావిడ "చుట్టరికం లేకపోతే ఏమైంది, వేల ఏళ్లుగా ఒకే కులంలో చేసుకుంటూ వస్తున్నాం, జన్యుపరంగా మనవాళ్లంతా మనకు బంధువులే, మన హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ వాళ్లే చెప్పారు" అన్నారు. అప్పటినుంచి మనసు కుదురుగా లేదు. మరోవైపు మా అమ్మమ్మ తాతయ్యలది మేనరికమే, వాళ్ల పిల్లలందరూ బాగానే ఉన్నారు.

నాకు తెలియాల్సింది, ఆ పరిశోధనలో నిజంగా ఏం తేలింది, దాని మీద శాస్త్రవేత్తలందరిదీ ఒకే మాటా లేక వాదనలున్నాయా, పెళ్లికి ముందు మేం చేయించుకోవాల్సిన టెస్టులు ఏమైనా ఉన్నాయా? కులాంతరం చేసుకో అని సలహా ఇవ్వకండి దయచేసి, అబ్బాయి నాకు నచ్చాడు.

హబ్సిగూడ పాఠకుడు

మీ ఆఫీసు ఆవిడ చెప్పింది చాలావరకు నిజమేనండి, కాకపోతే మధ్యలో చెప్పాల్సిన సంగతులు కొన్ని వదిలేశారు. నేను కొన్నేళ్లు ఈ జనాభా జన్యుశాస్త్రంలోనే పనిచేశాను, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మొదట 2009 సంగతి. సీసీఎంబీ నుంచి లాల్జీ సింగ్, తంగరాజ్, అమెరికాలోని హార్వర్డ్ నుంచి డేవిడ్ రైక్ బృందం కలిసి నేచర్ పత్రికలో ఒక పేపర్ వేశారు. ఇప్పుడున్న భారతీయుల్లో చాలామందిలో రెండు పురాతన జనసమూహాల డీఎన్‌ఏ వేర్వేరు పాళ్లలో కలిసి ఉందని అందులో తేలింది, పేపర్లలో హెడ్‌లైన్ అంతా దాని మీదే వచ్చింది. కానీ అదే పేపర్‌లో ఇంకో మాట ఉంది, మీ ప్రశ్నకు అసలు కావాల్సింది అదే. చాలా కులాలు, తెగలు చిన్న గుంపుగా మొదలై ఆ తర్వాత బయటివాళ్లతో పెద్దగా కలవకుండా పెరిగాయి. వాళ్లు పరిశీలించిన ఆర్యవైశ్యుల నమూనాల్లో ఆ మొదటి చిన్న గుంపు దశ 100 తరాల కంటే వెనకటిదని లెక్క తేలింది. అప్పటినుంచి బయటినుంచి వచ్చి కలిసినవాళ్లు తరానికి ముప్పైలో ఒక వంతు కూడా లేరట. ఊరూరా పెళ్లిళ్ల పేరయ్యలు ఇన్ని తరాలు ఎంత గట్టిగా గిరి గీసి ఉంచారో ఆ ఒక్క అంకె చెబుతుంది, మొదటిసారి చదివినప్పుడు నేను నమ్మలేకపోయాను.

దీనివల్ల నష్టం ఎక్కడ అంటే, ఊరంతటికీ ఒకే తాళపత్ర గ్రంథం ఉండి అందరూ దాన్నే చూసి రాసుకుంటే, మొదటి లేఖకుడు చేసిన తప్పు ఇంటింటికీ చేరుతుంది కదా, అలాగే మొదటి గుంపులో ఒకరిద్దరిలో ఉన్న జన్యులోపం ఇప్పుడు ఆ సమూహంలో వేలమందిలో ఉంటుంది. ప్రతి జన్యువుకూ మనలో రెండు కాపీలు ఉంటాయి, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. ఒకటి పాడైనా రెండోది పని నడిపిస్తుంది కాబట్టి ఆ మనిషికి ఏమీ తెలియదు, అలాంటివాళ్లనే క్యారియర్ అంటాం. ఇద్దరు క్యారియర్లు, అదీ ఒకే జన్యువులో లోపం ఉన్నవాళ్లు, పెళ్లి చేసుకుంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు రెండు చెడ్డ కాపీలూ వచ్చే అవకాశం 25 శాతం. బయటి జనంలో అరుదుగా ఉండే లోపం మూసుకున్న సమూహంలో మామూలైపోతుంది, అందుకే చుట్టరికం ఏమీ లేని ఇద్దరిలోనూ అదే లోపం ఎదురుపడవచ్చు.

2017లో నేచర్ జెనెటిక్స్‌లో ఇదే పని ఇంకా పెద్ద ఎత్తున వచ్చింది. 260కి పైగా దక్షిణాసియా సమూహాలు, 2,800 మందికి పైగా మనుషులు. ఇద్దరి డీఎన్‌ఏలో అచ్చంగా ఒకేలా ఉండే పొడవాటి ముక్కలు ఎన్ని ఉన్నాయో కొలిచారు, అలాంటి ముక్కలు పొడుగ్గా ఉన్నాయంటే ఇద్దరికీ ఉమ్మడి పూర్వీకులు మరీ దూరంలో లేరని అర్థం. ఈ విషయంలో ప్రపంచమంతా ఉదాహరణగా చెప్పేది ఫిన్లాండ్ వాళ్లనీ, యూరప్ మూలాలున్న అష్కెనాజీ యూదులనీ. మన దగ్గర 81 సమూహాల్లో ఈ చిన్న గుంపు ప్రభావం వాళ్లకంటే తీవ్రంగా ఉంది, వాటిలో 14 సమూహాల జనాభా పది లక్షలు దాటింది. పెద్ద కులం కదా, లక్షల్లో ఉన్నాం కదా, మనకేం కాదులే అనే ధైర్యం అక్కడ నిలబడదు. ఇప్పుడు ఎంతమంది ఉన్నారన్నది కాదు, అప్పుడు ఎంతమందితో మొదలయ్యారన్నదే లెక్క.

గోత్రాల గురించి కూడా ఒక మాట. గోత్రం తండ్రి వైపు వరసను మాత్రమే పట్టుకుంటుంది. మేనమామ కూతురి గోత్రం వేరే, అయినా మేనబావకీ ఆమెకీ సగటున ఎనిమిదో వంతు డీఎన్‌ఏ ఉమ్మడిగా ఉంటుంది. అక్క కూతుర్ని చేసుకుంటే అది నాలుగో వంతు. కాబట్టి గోత్రాలు వేరు అన్న మాటతో జన్యుపరంగా తేలేది చాలా తక్కువ.

మౌలాలి వెంకట్

అందరూ మంచి మాటలే చెబుతున్నారు కానీ నాకు రెండు అభ్యంతరాలున్నాయి. మా వైపు తరతరాలుగా మేనరికాలే, మా ఇంట్లో ఒక్కరికి కూడా ఏ లోపం లేదు. ప్రశ్న అడిగిన అమ్మాయి అమ్మమ్మ వాళ్లదీ అదే కదా. మరి ఇంత భయపెట్టడం ఎందుకు? రెండోది, ఫలానా కులం వాళ్ల జన్యువుల్లో లోపం ఉంది అని పేరు పెట్టి రాస్తే రేపు ఆ కులం పిల్లలకు సంబంధాలు ఎవరిస్తారు, ఇన్సూరెన్స్ కంపెనీలు ఊరుకుంటాయా? శాస్త్రం పేరుతో కులాల మీద ముద్ర వేయడం నాకు నచ్చలేదు. ఇది కోపంతో రాయడం లేదు, నిజంగానే బాధగా ఉంది.

మత్తు డాక్టర్

వెంకట్ గారూ, మీ రెండో అభ్యంతరానికి నా వైపు నుంచి ఒక అనుభవం చెబుతాను, ఎందుకంటే పేరు చెప్పకపోతే ఏమవుతుందో మేం ఆపరేషన్ థియేటర్‌లో చూస్తాం.

ఆపరేషన్‌కి ముందు గొంతులోకి గొట్టం వేయడానికి కండరాలను వదులు చేసే సక్సామెథోనియం అనే మందు వాడతాం. మామూలు మనిషిలో అది కొద్ది నిమిషాల్లో దిగిపోతుంది, రక్తంలో బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ దాన్ని విరగ్గొడుతుంది కాబట్టి. ఆ ఎంజైమ్ పుట్టుకతోనే లేనివాళ్లకు అదే మోతాదు ఇస్తే గంటల తరబడి ఒక్క కండరం కదలదు, ఊపిరి కూడా తనంతట తాను తీసుకోలేరు. ముందే తెలిస్తే ఇది పెద్ద గండమేమీ కాదు, వేరే మందు వాడతాం, పొరపాటున ఇచ్చినా ప్రభావం పోయేదాకా వెంటిలేటర్ మీద ఉంచి నిద్రలోనే ఉంచుతాం. తెలియకపోతేనే గండం. ఆర్యవైశ్యుల్లో ఈ లోపం మిగతా జనంతో పోలిస్తే దాదాపు వంద రెట్లు ఎక్కువ. దానికి కారణమైన, డీఎన్‌ఏలోని ఒకే ఒక్క అక్షరం మార్పును 2006లో కోయంబత్తూరు వైపు పరిశోధకులు పట్టుకుని ప్రచురించారు కూడా. అందుకే మా వృత్తిలో చాలామందిమి ఆపరేషన్‌కి ముందు "మీ ఇంట్లో ఎవరికైనా మత్తు ఇచ్చాక లేవడం ఆలస్యమైందా" అని అడుగుతాం, కులం కూడా అడుగుతాం. పేషెంట్లు కొందరు నొచ్చుకుంటారు, ఎందుకడిగామో చెప్పాక వాళ్లే ఫోన్ చేసి బాబాయిల ఆపరేషన్ల సంగతి కనుక్కుని చెబుతారు. ఆ మనిషి ఇంకో ముప్పై ఏళ్లు రోజూ షాపు తెరిచి ఆరోగ్యంగా బతుకుతాడు, ఆ ఒక్క మందు మాత్రం పడదు, అంతే. దీన్ని లోపం అని తల దించుకోవాల్సిన అవసరం ఎక్కడుంది? మెడలో మందుల అలర్జీ కార్డు వేసుకున్నట్టు ఫైల్లో రాయించుకుంటే చాలు.

హబ్సిగూడ పాఠకుడు

వెంకట్ గారి బాధ అర్థమైందండి, దాన్ని తేలిగ్గా తీసుకోను. అయితే ఆ 2017 జాబితాలో ఉన్నది ఒక్క కులం కాదు. మన రెండు రాష్ట్రాల నుంచే వైశ్యులతో పాటు రెడ్లు, వడ్డెలు, పట్టపు కాపులు, అగ్నికుల క్షత్రియులు ఉన్నారు, బయట చూస్తే కశ్మీర్ గుజ్జర్లు, ఉత్తరప్రదేశ్ కుమ్హార్లు, మణిపూర్ బ్రాహ్మణులు, తమిళనాడు కళ్లర్లు, అరుంధతీయులు ఉన్నారు. పైనున్నారు కిందున్నారు అని మనం అనుకునే అందరూ ఒకే జాబితాలో ఉన్నారు. ఇవి ఆయా ప్రాంతాల్లో తీసుకున్న నమూనాలు, కులం మొత్తానికీ ఊరూరా ఒకేలా ఉంటుందని కాదు, అదీ గుర్తుంచుకోవాలి. సంబంధాల విషయంలో ముద్ర పడుతుందన్న మీ భయం మాత్రం నిజమైనది, అందుకే సమూహాల పేర్లు ఎంతవరకు బయట పెట్టాలి, డేటా ఎవరి చేతిలో ఉండాలి అన్నది ఈ రంగంలో ఇప్పటికీ గట్టిగా నడుస్తున్న చర్చే.

ఇక మేనరికాలు. మీ ఇంట్లో ఎవరికీ ఏమీ కాలేదన్నది నమ్ముతాను, లెక్క ప్రకారం చాలా ఇళ్లలో అలాగే ఉంటుంది. ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫోర్డ్‌లో 11 వేల మందికి పైగా పిల్లలను పుట్టినప్పటినుంచి గమనించి 2013లో లాన్సెట్‌లో రాశారు. అక్కడి పాకిస్తానీ కుటుంబాల్లో దగ్గరి చుట్టాల పెళ్లిళ్లు ఎక్కువ. పుట్టుకతో వచ్చే లోపాలు మామూలుగా నూటికి 3 ఉండేవి, అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల పిల్లల మధ్య పెళ్లిళ్లలో నూటికి 6 అయ్యాయి. అలాంటి పెళ్లిళ్లలోనూ నూటికి 94 మంది పిల్లలు బాగుంటారు, ఒక్క ఇంట్లో చూస్తే లోపం కనిపించకపోవచ్చు కాబట్టి అమ్మమ్మ గారి మాటే నెగ్గుతుంది. ఒక జిల్లా మొత్తం చూస్తే రెట్టింపు అయిన ఆ లోపాల పిల్లలందరూ ఆస్పత్రుల్లో కనిపిస్తారు. ఇద్దరూ చెప్పేది నిజమే, చూసే చోటు వేరు.

మేనరికానికీ కులం మూసుకుపోవడానికీ ఉన్న తేడా కూడా ఇక్కడే చెప్పాలి, చాలామంది కలిపేస్తారు. మేనరికంలో ఆ కుటుంబంలో దాక్కున్న ఏ లోపమైనా బయటపడొచ్చు, అది ఏదో ముందే చెప్పడం కష్టం. మూసుకున్న సమూహంలో మాత్రం పదేపదే వచ్చేవి కొన్ని నిర్దిష్టమైన లోపాలు, ఒక్కసారి వాటిని కనిపెడితే ఆ సమూహం మొత్తానికీ చవకలో టెస్టు తయారు చేయొచ్చు. ఫిన్లాండ్ వాళ్లు, యూదులు చేసింది అదే. అమెరికాలో ఒక రబ్బీ, అంటే యూదుల మతగురువు, తన పిల్లలు నలుగురు టే-శాక్స్ అనే జన్యు జబ్బుతో పోయాక 1983లో దోర్ యెషోరిమ్ అనే సంస్థ పెట్టారు. చదువుకునే వయసులోనే పిల్లల రక్తం తీసుకుని ఒక నంబర్ ఇస్తారు, ఫలితం ఎవరికీ చెప్పరు, సంబంధం అనుకున్నప్పుడు రెండు నంబర్లూ ఫోన్‌లో చెబితే ఈ జోడీ కుదురుతుందో లేదో మాత్రమే చెబుతారు. ఎవరు క్యారియరో ఊళ్లో తెలియదు, ముద్ర పడదు. వెంకట్ గారు అడిగిన ప్రశ్నకు నాకు తెలిసినంతలో ఇంతకంటే మర్యాదైన జవాబు లేదు. జాతకాలు కలిపే చోట మనం ఇది ఎందుకు పెట్టుకోకూడదో నాకు అర్థం కాదు.

వాదనలున్నాయా అని అడిగారు కదా. ఉన్నాయి. సమూహాలు మూసుకున్నది ఎప్పుడు అన్నదాని మీద ఒక మాట లేదు. 2013లో సీసీఎంబీ, హార్వర్డ్ బృందం 73 సమూహాలను చూసి, సుమారు 4,200 ఏళ్ల నుంచి 1,900 ఏళ్ల క్రితం వరకు ఇక్కడ జనాలు విరివిగా కలిసిపోయారనీ, ఆ తర్వాతే గిరి గీసుకున్నారనీ చెప్పింది. 2016లో పశ్చిమ బెంగాల్‌లోని కల్యాణి నుంచి పార్థ మజుందార్ బృందం లెక్క వేస్తే ముఖ్యంగా పై కులాల్లో ఇది సుమారు 70 తరాల క్రితం, అంటే గుప్తుల కాలం దగ్గర, కాస్త హఠాత్తుగా ఆగిపోయినట్టు వచ్చింది. వైశ్యుల సంగతి 100 తరాలకు పైనే అని మొదటి పేపర్ అంటోంది. తరానికి ఎన్నేళ్లు వేసుకోవాలి, కలయిక ఒక్కసారి జరిగిందా విడతలుగా జరిగిందా అన్నదాన్ని బట్టి అంకెలు కదులుతాయి, పైగా అన్ని కులాలూ ఒకే రోజు తలుపులు వేసుకోవాలనేముంది. వాదన ఎంత ఉన్నా ఒక విషయంలో మాత్రం తేడా లేదు, తలుపులు వేసుకోకముందు అందరూ కలిసినవాళ్లే. మాది కలవని రక్తం అని ఏ కులం చెప్పుకున్నా డీఎన్‌ఏ ఒప్పుకోదు.

ఇంకో వాదన, డీఎన్‌ఏలో కనిపించే ఈ ఉమ్మడి ముక్కల్లో ఎన్ని నిజంగా జబ్బులవుతాయి అన్నది. పొడవాటి ఉమ్మడి ముక్కలు ఉన్నంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు. ఏ సమూహంలో ఏ లోపం ఎక్కువో మన దగ్గర పట్టుకున్నవి చాలా కొద్ది. 2025 జనవరిలో కేంద్ర ప్రభుత్వ జీనోమ్ ఇండియా ప్రాజెక్టు వాళ్లు 10,000 మంది పూర్తి జన్యుక్రమాలను పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చారు, అదే ఏడాది సెల్ పత్రికలో 2,762 మంది భారతీయుల జన్యుక్రమాల మీద పెద్ద పేపర్ వచ్చింది, అందులోనూ తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒకేలా వచ్చిన ముక్కలు మనవాళ్లలో యూరప్, తూర్పు ఆసియా వాళ్లకంటే బాగా ఎక్కువని తేలింది. ఇప్పుడిక ఆ ముక్కల్లో ఏముందో సమూహం సమూహంగా వెతకాల్సిన పని మిగిలింది. అది జరగాలంటే ఆస్పత్రులూ ల్యాబులూ కలిసి పనిచేయాలి, ఏళ్లు పడుతుంది, కానీ ఖర్చు పెట్టదగ్గ పని అని గట్టిగా నమ్ముతాను.

శాంతి, ఎర్రగడ్డ

నేను సైన్స్ చదువుకోలేదు, మా పాపకు థలసీమియా, అమ్మానాన్నలిద్దరి నుంచీ జన్యులోపం చేరితే వచ్చే రక్తం జబ్బు, అంతవరకే నాకు తెలుసు. మాది మేనరికం కాదు. చుట్టరికం కూడా కాదు. పెళ్లికి ముందు ఒక్కరు కూడా ఆ రక్త పరీక్ష గురించి చెప్పలేదు, కడుపుతో ఉన్నప్పుడు రక్తం తక్కువుందని ఐరన్ మాత్రలు ఇచ్చారు, అంతే. ఇప్పుడు పాపకు క్రమం తప్పకుండా రక్తం ఎక్కించాలి, ఒంట్లో చేరే ఐరన్ తీయడానికి మళ్లీ మందులు. అమ్మాయీ, నువ్వు పెళ్లి మానుకోవద్దు. హెచ్‌బీ ఏ2 టెస్టు మాత్రం చేయించుకో. మామూలు ల్యాబుల్లోనే చేస్తారు.

నల్లకుంట అమ్మాయి

అందరికీ చాలా థ్యాంక్స్. శాంతి అక్కా, మీరు రాసింది చదివి ఏడుపొచ్చింది, పాప పెద్దయి బాగుండాలి. టెస్టు మాట అబ్బాయితో నేనే మాట్లాడతాను, మా అమ్మకు మాత్రం భయం, "పెళ్లికి ముందు రక్త పరీక్ష అడిగితే వాళ్లేమనుకుంటారు" అంటోంది. ఇద్దరం ఒకేసారి చేయించుకోవాలా? ఇద్దరికీ ఉందని తేలితే పెళ్లి ఆగిపోవాల్సిందేనా?

మత్తు డాక్టర్

ముందు ఒక్కరు చేయించుకుంటే చాలు, మీరే చేయించుకోండి, అప్పుడు అవతలివాళ్లను అడిగే ఇబ్బంది కూడా సగం తగ్గుతుంది. పూర్తి రక్త పరీక్ష, హెచ్‌పీఎల్‌సీ పద్ధతిలో హెచ్‌బీ ఏ2. మీది మామూలుగా ఉంటే బిడ్డకు థలసీమియా మేజర్, అంటే ఆ జబ్బు తీవ్రరూపం, వచ్చే విషయంలో దాదాపు నిశ్చింతగా ఉండొచ్చు. 3.5 శాతం దాటితే మీరు క్యారియర్ అయ్యుండొచ్చు, మీ ఆరోగ్యానికి ఏమీ కాదు, అప్పుడు అబ్బాయిని చేయించుకోమనండి. ఒంట్లో ఐరన్ బాగా తక్కువగా ఉంటే ఈ అంకె తగ్గి కనిపించి మోసం చేస్తుంది, కాబట్టి ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ టెస్టు కూడా అదే రక్తంతో చేయించండి.

ఇద్దరూ క్యారియర్లే అయినా పెళ్లి ఆగక్కర్లేదు. కడుపుతో ఉన్న మూడో నెలలో మావి నుంచి చిన్న ముక్క తీసి బిడ్డకు జబ్బు ఉందో లేదో చూస్తారు, ఆ తర్వాతి నిర్ణయం మీ ఇద్దరిదీ. సైప్రస్‌లో ఒకప్పుడు ఈ జబ్బు ఇంటింటి కథ, 1970ల నుంచి పెళ్లికి ముందు టెస్టులు మొదలుపెట్టారు, చర్చి కూడా పెళ్లి జరిపించే ముందు టెస్టు సర్టిఫికెట్ అడిగేది, ఆ జబ్బుతో పుట్టే పిల్లలు దాదాపు లేకుండా పోయారు. పెళ్లిళ్లు మాత్రం మానలేదు.

మీ రెండు కుటుంబాల్లో ఎవరికైనా పసితనంలో పోయిన పిల్లలు, పుట్టుకతో చెవుడు, వివరం తేలని ఫిట్స్, మత్తు ఇచ్చాక ఆలస్యంగా లేచిన సంఘటనలు ఉంటే అవి ఒక కాగితం మీద రాసుకుని జెనెటిక్ కౌన్సెలింగ్‌కి వెళ్లండి. నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది, బేగంపేటలో ఉస్మానియా యూనివర్సిటీ వాళ్ల జెనెటిక్స్ ఆస్పత్రి ఉంది. వాళ్లు చరిత్ర విని ఏ టెస్టు అవసరమో చెబుతారు, ఆన్‌లైన్‌లో అమ్మే వందల జన్యువుల ప్యాకేజీలు మీ అంతట మీరు కొనకండి, రిపోర్టులో అర్థం తేలని మార్పులు నాలుగు వచ్చి లేని టెన్షన్ పెడతాయి.

మౌలాలి వెంకట్

డాక్టర్ గారూ, మా తమ్ముడికి మేనత్త కూతుర్నే అనుకుంటున్నాం, మాట ఇచ్చేశారు కూడా. వాళ్లు కూడా ముందే ఈ కౌన్సెలింగ్‌కి వెళ్లొచ్చా, పెళ్లయ్యాకేనా?

మత్తు డాక్టర్

ముందే వెళ్లమనండి, ఇద్దరూ కలిసి వెళితే ఇంకా మంచిది. మీ నాన్నగారి వైపు పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లను కూడా వెంట తీసుకెళ్లండి, ఎవరి పిల్లలు ఎప్పుడు ఎలా పోయారో వాళ్లకే గుర్తుంటుంది. పిల్లల కోసం అనుకునే ముందు రుబెల్లా టీకా, ఫోలిక్ యాసిడ్ మాట కూడా అక్కడే అడిగించండి.